పదిమందిని నడిపించేవాడి ప్రణాళిక

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని తేల్చింది. ఆ మాట ఏటా ఈ వేదిక మీద తలచుకుంటూనే ఉన్నాం. దాని తరువాత కరువు భృతి బకాయిలు, ఆ తరువాత హెల్త్ కార్డులు, చివరకు లైఫ్ సర్టిఫికెట్లు. ఈసారి పిల్లలు, మనవలు కూడా వస్తున్నారు గనుక వేరే విషయం ఏదైనా చెప్పమని మన కార్యదర్శి గారు నన్ను కోరారు. సైన్యంలో పదిమందినో ముప్పయి మందినో నడిపే కుర్ర నాయకుడు తన పనికి ముందుగా ప్రణాళిక ఎలా వేసుకుంటాడో చెబుతానన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, "మీరు చేసింది రెవెన్యూలో గుమాస్తాగిరీ కదండీ" అన్నారు. నిజమే. తుపాకీ పట్టింది ఎన్.సి.సి.లో తప్ప ఎరగను. అయినా ఈ విషయం ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఒకటి ఇప్పుడే చెబుతాను, రెండోది తరువాత చెబుతాను.

మా మనవడు సైన్యంలో అధికారి ఉద్యోగానికి ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూకు తయారవుతున్నాడు. అందులో ఒక పరీక్ష ఉంది. బల్ల మీదో నేల మీదో ఇసుకతో ఒక ఊరు, ఏరు, రోడ్డు, అడవి నమూనాగా చేసి పెడతారు. ఒకేసారి నాలుగైదు ఆపదలు చెబుతారు. ఇక్కడ వంతెన కూలింది, అక్కడ ఎవరికో గాయాలయ్యాయి, మరో చోట దొంగలు పొంచి ఉన్నారు, మీ దగ్గర ఒక జీపు ఉంది, ఇంత సమయం ఉంది, ఏం చేస్తారో రాయండి అంటారు. పది నిమిషాల్లో రాయాలి. మావాడు రాసిన జవాబు ఒకటి నాకు చూపించాడు. దస్తూరి బాగుంది, ఆలోచన బాగుంది. ఆపద వచ్చిన ప్రతిచోటికీ తానే పరుగెత్తాడు. "మిగిలినవాళ్ళు ఏం చేస్తున్నార్రా?" అని అడిగాను. "నేను చెప్పింది చేస్తుంటారు తాతయ్యా" అన్నాడు. "నువ్వు దొరక్కపోతే?" అన్నాను. వాడు దానికేం రాయలేదు.

అసలు విషయానికి వస్తాను. మన ఆఫీసులో సెక్షన్ అంటే ఒక సూపరింటెండెంటు, నలుగురు గుమాస్తాలు, బీరువాలు. సైన్యంలో సెక్షన్ అంటే పదిమంది జవాన్లు, వారికి పెద్దగా ఒక హవల్దారు. ఇలాంటి మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూను. దాన్ని ఒక లెఫ్టినెంటో, చాలాచోట్ల సుబేదారో నడుపుతాడు. మూడు ప్లటూన్లకు ఒక కంపెనీ, దానికి మేజరు. పటాల ముందు నిలబడి జనరల్స్ వేసే పథకాలు వేరు. నేను చెప్పేది కింది మెట్టు సంగతి. పైనుంచి "ఫలానా గుట్ట రేపు తెల్లవారేలోగా మన చేతిలో ఉండాలి" అన్న ఒక్క వాక్యం వస్తుంది. ఆ వాక్యాన్ని ముప్పయి మంది కాళ్ళకూ చేతులకూ పనిగా పంచిపెట్టడం ఆ కుర్రవాడి బాధ్యత. మన భాషలో చెప్పాలంటే, ప్రభుత్వం జి.ఓ. ఇస్తుంది, దాన్ని అమలుచేసే ఏర్పాటు కింది గుమాస్తా నెత్తిన పడుతుంది.

1962 చైనా యుద్ధం తరువాత, 1963లో కాలేజీ కుర్రవాళ్ళకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఇష్టమైతేనే అన్నారు. ఆ మధ్యకాలంలో చదివినవాణ్ణి గనుక ఖాకీ నిక్కరు నాకు తప్పలేదు. మాకు నేర్పడానికి ఒక హవల్దారు వచ్చేవారు. ఉత్తరాది మనిషి, మాకు రాని హిందీ, ఆయనకు రాని తెలుగు. ఆయన క్యాంపులో చెప్పిన పాఠాలలో కవాతు సగం మరిచిపోయాను గానీ ఒక పాఠం మరిచిపోలేదు. నేల మీద మట్టి పోగుచేసి గుట్ట చేసేవారు. పుల్లలు చెట్లు, సున్నపు గీత వాగు, ఒక ఇటుక ముక్క శత్రువు. మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టేవారు. ముందు నేల సంగతి, తరువాత శత్రువు ఎక్కడ, ఎంతమంది, మనవాళ్ళు పక్కన ఎవరున్నారు. అది అయ్యాక మన పని ఏమిటో ఒకే వాక్యంలో చెప్పేవారు. ఆ వాక్యం మాత్రం తప్పకుండా రెండుసార్లు చెప్పాలి. తరువాత ఎవరు ఏ దారిన వెళ్ళాలి, ఎవరు కాల్పులతో అండగా ఉండాలి, ఎన్నింటికి కదలాలి. ఆ తరువాత తిండి, నీళ్ళు, తూటాలు, గాయపడినవాణ్ణి ఎక్కడికి చేర్చాలి. చివర నాయకుడు ఎక్కడుంటాడు, కబురు ఎలా అందుతుంది, అతను పడిపోతే తరువాత ఎవరు. ఈ భాగాల పేర్లు దేశాన్ని బట్టీ కాలాన్ని బట్టీ మారాయి గానీ వరస దాదాపు అన్ని సైన్యాలలోనూ ఇదే.

అంతా చెప్పి గడియారాలు కలుపుకోమనేవారు. ఆ తరువాత "కోయీ షక్?" అని అడిగేవారు. సందేహం ఏమైనా ఉందా అని. మేమంతా ఒక్క గొంతుతో "నహీ సాబ్" అని అరిచేవాళ్ళం. ఆయన ఆ అరుపును ఎన్నడూ నమ్మలేదు. చివరి వరసలో, వీలైతే నిద్రమొహంతో ఉన్నవాణ్ణి లేపి, మొత్తం నువ్వు చెప్పు అనేవారు. వాడు తడబడితే వాణ్ణి ఏమీ అనేవారు కాదు. తప్పు తనదేనన్నట్టు తల ఊపి మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. అప్పట్లో మాకది విసుగ్గా ఉండేది. టిఫిను చల్లారిపోయేది.

ఆయన చెప్పిన ఇంకొక లెక్క కూడా ఉంది. చేతిలో ఉన్న సమయంలో మూడో వంతు మాత్రమే నాయకుడిది, మిగిలిన రెండు వంతులు కింది వాళ్ళవి. సాయంత్రం ఆరు గంటలకు ఆదేశం అందింది, అర్ధరాత్రి పన్నెండుకు కదలాలి అనుకోండి. ఉన్నది ఆరు గంటలు. ఎనిమిదింటికల్లా లెఫ్టినెంటు తన ఆలోచన ముగించి చెప్పెయ్యాలి. తక్కిన నాలుగు గంటలు సెక్షన్ పెద్దలు తమ వాళ్ళకు చెప్పుకోవాలి, ఆయుధాలు సర్దుకోవాలి, చీకట్లో ఒకసారి నడిచి చూసుకోవాలి, కాస్త తినాలి. అంతకంటే ముందే, ఆదేశం రాగానే, "ఈ రాత్రి కదలబోతున్నాం, తయారుగా ఉండండి" అని ఒక ముందస్తు కబురు ఇవ్వాలి. పూర్తి పథకం తేలే దాకా వాళ్ళను ఊరికే కూర్చోబెట్టకూడదు. మిత్రులారా, మన ఆఫీసుల్లో ఈ లెక్క ఎలా నడిచేదో మీకు గుర్తుండే ఉంటుంది. పైనుంచి పదిరోజుల గడువుతో వచ్చిన కాగితం పై బల్లల మీద తొమ్మిది రోజులుండి, పదోరోజు సాయంత్రం నాలుగున్నరకు "అర్జెంటు, ఈరోజే" అన్న ఎర్రసిరా రాతతో కింది గుమాస్తా బల్ల మీదికి దిగేది.

ఇక ప్రణాళిక వేసేవాడు నేలను ఎటునుంచి చూడాలన్నది ఇంకో సంగతి. దీని మీద 1904లో వచ్చిన ఒక చిన్న పుస్తకం ఇప్పటికీ కుర్ర అధికారులకు చదవమని చెబుతుంటారు. దాని పేరు 'ది డిఫెన్స్ ఆఫ్ డఫర్స్ డ్రిఫ్ట్'. రాసినవాడు స్వింటన్ అనే ఆంగ్ల సైనికాధికారి. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం నాటి కథ. ఒక కుర్ర లెఫ్టినెంటుకు యాభై మందిని ఇచ్చి, బండ్లు ఏరు దాటే రేవు ఒకటి కాపాడమంటారు. అతనికి ఆరు కలలు వస్తాయి. మొదటి కలలో చదునైన చోట డేరాలు వరసగా వేయించి, కందకాలు రేపు తవ్వుదాంలే అనుకుంటాడు. పక్క పొలం రైతు పాలు, గుడ్లు అమ్మే మిషతో వచ్చి అంతా చూసి వెళతాడు. ఆ రాత్రే పని అయిపోతుంది. తరువాత కలలో కందకం తవ్వుతాడు, అయితే శత్రువు వస్తాడనుకున్న వైపుకే. వాడు ఇంకో వైపు నుంచి వస్తాడు. మరో కలలో వెనకనున్న గుట్టను ఖాళీగా వదిలేస్తాడు. ఇలా ఒక్కొక్క కలలో ఒక్కొక్క తప్పు చేసి ఓడిపోతూ, వెనకటి కల నేర్పిన పాఠం పట్టుకుని ముందుకు సాగుతాడు. ఆరో కలలో ఏటి గట్టునే ఆసరా చేసుకుని, బయటికి ఏమీ కనపడకుండా సర్దుకుని నిలబడతాడు. నీ చోటును ఎదుటివాడి కళ్ళతో చూడు అన్న మాట అతనికి ఒంటబట్టడానికి అన్ని కలలు పట్టాయి. మనకు జీవితంలో ఆరు కలలు ఇవ్వరు గనుక ఆ పుస్తకం చదవమంటారు కాబోలు.

ఇప్పుడు నిజంగా జరిగినది ఒకటి చెబుతాను. 1971లో లోంగేవాలా దగ్గర మన కంపెనీ ఒకటి రాత్రంతా టాంకులను నిలవరించిన సంగతి సినిమా వల్ల మీకందరికీ తెలుసు. నేను వేరే ఉదాహరణ తీసుకుంటున్నాను. దీనిలో యుద్ధం కొద్ది నిమిషాలు, దాని కోసం పడిన తయారీ నెలల తరబడి. మన విషయం తయారీ గనుక ఇది బాగా పనికొస్తుంది.

1944 జూన్ 6న మిత్రపక్షాల సేనలు ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగాయి. తీరానికి తూర్పు కొసన పక్కపక్కనే రెండు వంతెనలు ఉన్నాయి. ఒకటి కాన్ కాలువ మీద, రెండోది ఓర్న్ నది మీద. రెంటికీ మధ్య దూరం అర కిలోమీటరుకు మించదు. ఆ వంతెనలు జర్మన్ల చేతిలో ఉంటే వాళ్ళ టాంకులు వాటి మీదుగా వచ్చి తీరంలో దిగినవాళ్ళ పక్క నుంచి పడతాయి. వాళ్ళు పేల్చేస్తే, నదికి అవతల పారాచూట్లతో దిగిన బ్రిటిష్ దళాలకు వెనక దారి ఉండదు. అందువల్ల రెంటినీ చెక్కుచెదరకుండా పట్టుకోవాలి. ఆ పని మేజర్ జాన్ హోవార్డ్ అనే ఆయనకు అప్పగించారు. యుద్ధానికి ముందు ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పోలీసు కానిస్టేబులు. సిపాయిగా మొదలై అధికారి అయినవాడు. ఆయనకు ఇచ్చింది సుమారు 180 మంది, ఆరు గ్లైడర్లు. గ్లైడరు అంటే ఇంజను లేని చెక్క విమానం. పెద్ద విమానం తాడుతో లాక్కొచ్చి వదిలేస్తే చప్పుడు లేకుండా దిగుతుంది. దిగడమంటే మర్యాదకు అన్న మాట, నిజానికి చీకట్లో పొలంలో పడుతుంది.

హోవార్డ్ చేసిన ఏర్పాట్లు వినండి. ఇంగ్లాండులో ఎక్సెటర్ పట్టణం దగ్గర ఇలాగే ఒక నది, పక్కనే కాలువ, రెండు వంతెనలు ఉన్న చోటు వెతికి పట్టుకుని, అక్కడ తన వాళ్ళతో పదే పదే దాడి చేయించి చూశాడు. రాత్రి పని గనుక కొన్నాళ్ళపాటు పగలు పడుకోబెట్టి రాత్రి మేల్కొలిపి అలవాటు చేశాడు. విమానాలు తీసిన ఫోటోలను బట్టి ఆ రెండు వంతెనలకూ చుట్టుపక్కల ఇళ్ళకూ చెట్లకూ నమూనా చేయించి పెట్టాడు. అక్కడ జర్మన్లు కొత్తగా గోతులు తవ్వారని ఫోటోలో కనపడితే ఇక్కడ నమూనాలో కూడా గోతులు పడేవి. మా హవల్దారు గారి మట్టి గుట్టకు అది పెద్దన్న.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. చీకట్లో ఆరు గ్లైడర్లలో ఏది ముందు పడుతుందో, ఏది ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. ఒక ప్లటూనుకు ఒకే పని నేర్పితే, ఆ ప్లటూను రాకపోతే ఆ పని ఆగిపోతుంది. అందుకని ఆరు ప్లటూన్లకూ ఆరుగురి పనులూ నేర్పించాడు. ముందు ఎవరు చేరితే వాళ్ళు మొదటి పని అందుకోవాలి, తరువాత చేరినవాళ్ళు రెండోది. తన పనే కాక పక్కవాడి పని కూడా ప్రతివాడికీ తెలుసు.

జూన్ 6 అర్ధరాత్రి దాటి 16 నిమిషాలకు మొదటి గ్లైడరు కాలువ వంతెనకు యాభై గజాల లోపే వచ్చి పడింది. దాని పైలట్ వాల్‌వర్క్ ముందు అద్దం బద్దలు చేసుకుని బయటపడ్డాడు. హోవార్డ్ చేతి గడియారం ఆ దెబ్బకు ఆగిపోయింది. తరువాత జరిగిన లెక్క చూడండి. మొదటి ప్లటూను నాయకుడు లెఫ్టినెంట్ బ్రదరిడ్జ్ వంతెన మీద పరుగెత్తుతూ మెడలో తూటా తగిలి కొద్దిసేపటికే చనిపోయాడు. ఇంటి దగ్గర ఆయన భార్య నిండు గర్భిణి. మరో రెండు వారాలకు ఆడపిల్ల పుట్టింది. రెండో ప్లటూను నాయకుడు వుడ్‌కు కాలిలో తూటాలు దిగాయి. మూడో ప్లటూను నాయకుడు స్మిత్ కూడా గాయపడ్డాడు. అంటే కాలువ వంతెన దగ్గర ముగ్గురు ప్లటూను నాయకులలో ఒక్కడూ సరిగా నిలబడి లేడు. ఇక హోవార్డ్ తరువాత అంతటి బాధ్యత గల కెప్టెన్ ఉన్న గ్లైడరు దారి తప్పి మైళ్ళ దూరంలో ఇంకో నది దగ్గర పడింది. నది వంతెన దగ్గర దిగాల్సిన మూడు గ్లైడర్లలో అది ఒకటి. వాళ్ళు అక్కడున్న వంతెనే పట్టుకుని, అది తమది కాదని తెలుసుకుని, తెల్లవార్లూ శత్రువుల మధ్య నుంచి నడిచి వచ్చారు.

ఇంత జరిగినా పది పదిహేను నిమిషాల్లో రెండు వంతెనలూ చేతికి వచ్చాయి. నాయకులు పడిపోయిన చోట సార్జెంట్లు, కార్పొరళ్ళు ఎవరినీ అడగకుండా పని అందుకున్నారు. వంతెన పేల్చడానికి పెట్టారనుకున్న మందుగుండు అసలు అక్కడ అమర్చనే లేదని తేలింది. రాత్రి రెండు గంటల వేళ జర్మన్ కవచ వాహనాలు వస్తే థార్న్‌టన్ అనే సార్జెంటు చేతికందిన పియాట్ అనే ఆయుధంతో ముందున్న దాన్ని పేల్చాడు. ఆ మంటలు చూసి మిగిలినవి వెనక్కు తగ్గాయి. మధ్యాహ్నం దాకా వంతెన నిలబెట్టుకున్నారు. లార్డ్ లోవట్ దళం తీరం నుంచి వచ్చి కలుసుకుంది. ఆ కాలువ వంతెనకు తరువాత పెగాసస్ వంతెన అని పేరు పెట్టారు. ఆ డివిజను గుర్తు రెక్కల గుర్రం గనుక. 1994లో దాన్ని తీసి కొత్త వంతెన వేశారు, పాతది ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉంది. 'ది లాంగెస్ట్ డే' అనే 1962 నాటి సినిమా మనలో కొందరు చూసే ఉంటారు. అందులో హోవార్డ్ వేషం వేసిన రిచర్డ్ టాడ్ ఆ రాత్రి నిజంగా పారాచూట్‌తో దిగి ఆ వంతెన దగ్గరికి చేరిన సైనికుడే.

ఇక రెండో కారణం చెబుతానన్నాను. ఇది నేను ఇంతవరకు సభలో ఎక్కడా చెప్పలేదు.

1977 నవంబరు 19 శనివారం దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. ఎక్కడెక్కడి నుంచో రెవెన్యూ సిబ్బందిని సహాయానికి పంపారు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. నన్ను ఒక చిన్న బృందానికి పెద్దను చేశారు. ఒక లారీ, డ్రైవరు, ఒక జూనియర్ గుమాస్తా, ఇద్దరు ప్యూన్లు, దారి చూపడానికి స్థానిక తలయారి ఒకరు. లారీలో బియ్యం, కిరోసిను, పీపాలలో మంచినీళ్ళు. మూడు గ్రామాలకు చేర్చాలి. ఏ ఊరికి ఎన్ని బస్తాలు, ఎన్ని పీపాలు అన్న జాబితా నా చొక్కా జేబులో ఉంది. అది ఎవరికీ చూపించలేదు. చూపించకూడదని ఎవరూ అనలేదు. జాబితా నా దగ్గరుంటేనే నేను పెద్దనన్నట్టు అనిపించేది. అంతే. ఇంకో కారణం వెతికినా దొరకదు.

మధ్యాహ్నం ఒక చోట రోడ్డు తెగి ఉంది. లారీ ఆపించి, ముందు దారి చూసి వస్తానని తలయారిని తీసుకుని నడిచి వెళ్ళాను. వెళుతూ చెప్పింది ఒక్కటే మాట: "నేను వచ్చేదాకా కదలొద్దు." వెళ్ళిన దారి చూసుకున్నాం, అది లారీకి పనికిరాదని తెలిసింది. తిరిగి వచ్చేలోగా మేము దాటిన గండి ఇంకా కోసుకుపోయి, ప్రవాహం పెరిగి, ఇవతలికి రావడానికి వీల్లేకపోయింది. చీకటి పడింది. తలయారి, నేను ఒక గట్టు మీద రాత్రంతా గడిపాం. మర్నాడు పొద్దున చుట్టు తిరిగి వచ్చేసరికి లారీ అక్కడే ఉంది. వాళ్ళు నా మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఒక్క బస్తా దించలేదు.

తరువాత తెలిసిందేమంటే, కాలువ గట్టు మీదుగా రెండో ఊరికి లారీ వెళ్ళే దారి ఉంది. అటుగా వెళ్ళిన మరో లారీ డ్రైవరు సాయంత్రం అయిదింటికే మా డ్రైవరుకు ఆ సంగతి చెప్పాడు. జూనియర్ గుమాస్తా వెళదామనే అన్నాడట. కానీ ఏ ఊరికి వెళ్ళాలో, ఎంత దించాలో వాళ్ళకు తెలియదు. పైగా కదలొద్దని నా హుకుం. ఆ కుర్రవాడు నాతో కోపంగా ఏమీ అనలేదు. "మాకు చెప్పి ఉంటే వెళ్ళేవాళ్ళం కదండీ" అన్నాడు, అంతే.

పదకొండు గంటలకు ఆ రెండో ఊరు చేరాం. అక్కడ బావులన్నీ ఉప్పునీళ్ళు. ఆ రాత్రి ఒక పసివాడు పోయాడు. మంచినీళ్ళు అంది ఉంటే బతికేవాడా అంటే నేను చెప్పలేను, అక్కడున్న డాక్టరు కూడా చెప్పలేదు. ఆ పిల్లవాడి తాత నన్ను నిందించలేదు. "నిన్న సాయంత్రం నుంచి ఆ దూరాన రోడ్డు మీద లారీ ఆగి ఉండటం కనపడుతూనే ఉంది బాబూ. ఇటే వస్తుందనుకుంటూ కూర్చున్నాం" అన్నాడు.

నా టూర్ డైరీలో "రోడ్డు గండిపడినందున మర్నాడు చేరితిమి" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. టి.ఏ. బిల్లు పాసయింది. మెమో రాలేదు, సంజాయిషీ అడిగినవారు లేరు. ఫైలు ప్రకారం నేను చేసిన తప్పేమీ లేదు. ఫైలు అక్కడే మూతపడింది.

అమెరికా సైన్యంలో ఒక నియమం ఉందని చాలా ఏళ్ళ తరువాత చదివాను. నాయకుడు దళాన్ని ఒకచోట ఆపి తాను ముందుకు వెళ్ళి చూసి రావాలంటే, కదిలేముందు అయిదు సంగతులు చెప్పి తీరాలి. ఎక్కడికి వెళుతున్నాను, ఎవరిని తీసుకెళుతున్నాను, ఎంతసేపు, ఆ సమయానికి రాకపోతే మీరేం చేయాలి, ఈలోగా మీ మీద గానీ నా మీద గానీ దాడి జరిగితే ఎవరు ఏం చేయాలి. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. నేను ఆ మధ్యాహ్నం చెప్పినది వీటిలో ఏదీ కాదు. ముందుకు వెళ్ళి దారి చూడటం తప్పు కాదు. సైన్యంలో అయినా నేలను స్వయంగా చూడమనే చెబుతారు. నాలుగో ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా వెళ్ళడం తప్పు.

ఆ తరువాత రెండు మూడు రోజులకు, సహాయానికి వచ్చిన సైనిక దళం ఒకటి మా బస దగ్గరే ఉంది. వారి లెఫ్టినెంటుకు నాకంటే నాలుగైదేళ్ళు చిన్న వయసుండవచ్చు. ఒక సాయంత్రం ఆయన తడి మట్టిలో గొంతు కూర్చుని పుల్లతో కాలువ గీశాడు, గండి గీశాడు, మూడు రాళ్ళు పెట్టి ఊళ్ళన్నాడు. జవాన్లంతా చుట్టూ కూర్చున్నారు. రేపు చేయాల్సిన పని ఒక వాక్యంలో చెప్పి, మళ్ళీ అదే వాక్యం చెప్పాడు. గండి ఇంకా పెరిగితే ఏ గట్టు మీదుగా వెళ్ళాలో చెప్పాడు. నాలుగింటికి నేను కనపడకపోతే హవల్దారు నడిపిస్తాడు, నా కోసం ఆగొద్దు అన్నాడు. చివరకు "కోయీ షక్?" అని అడిగి, వంట పనిలో ఉన్న ఒక కుర్రవాణ్ణి పిలిచి మొత్తం చెప్పమన్నాడు. వాడు చేతికి పిండి అంటుకుని ఉండగానే గడగడా చెప్పాడు. నేను కొంచెం దూరంలో నిలబడి ఉన్నాను. క్యాంపులో చల్లారిన టిఫిను గుర్తొచ్చింది. లోపలికి వెళ్ళి జాబితాకు కార్బను పేపరు పెట్టి నాలుగు నకళ్ళు రాశాను.

ఆ తరువాత ఉద్యోగంలో ఎన్నికల డ్యూటీలు ఎన్నో చేశాను. పోలింగ్ బృందం కూడా చిన్న దళమే. సామగ్రి తీసుకుని లారీ ఎక్కే ముందే అందరినీ కూర్చోబెట్టి ఎవరి పని ఏమిటో, నాకు జ్వరం వస్తే ఎవరు అందుకోవాలో చెప్పేవాణ్ణి. ఆఖరున ప్యూను చేత చెప్పించేవాణ్ణి. "ఈయనకు చాదస్తం" అనేవారు. ఆ మాట విన్నవారు ఈ హాలులో కూడా ఇద్దరు ముగ్గురున్నారు, నవ్వుతున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. అందరికీ అన్నీ చెప్పడం అన్ని వేళలా కుదరదు. హోవార్డ్ కూడా ఆ వంతెనలు ఎక్కడున్నాయో చాలాకాలం తన వాళ్ళకు చెప్పలేదు, రహస్యం పొక్కుతుందని. చివరి రోజుల్లో, శిబిరం కంచె లోపల ఉంచిన తరువాతే చెప్పాడు. పని ఏమిటో నేర్పాడు, చోటు పేరు దాచాడు. కుర్రవాళ్ళకు ఆ తేడా తెలియాలి. నా జేబులోని జాబితాలో శత్రువుకు తెలియకూడని రహస్యం ఏదీ లేదు.

పోయిన ఆదివారం మావాడు మళ్ళీ సాధన చేస్తానన్నాడు. వరండాలో ముగ్గుపిండితో ఏరు గీశాడు, అగ్గిపెట్టె వంతెన, చింతగింజలు మనుషులు. పదిమందికీ పని పంచాడు, తాను లేకపోతే ఎవరో కూడా చెప్పాడు. "కోయీ షక్?" అని నన్ను చూశాడు. నేను వంటింట్లో ఉన్న మా ఇంటావిడను పిలిచాను. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అంతా విని, వాడు చెప్పినది చెప్పినట్టే తిరిగి చెప్పింది. చెప్పి ఆగి, "మరి దెబ్బ తగిలినవాణ్ణి వెనక్కి ఏ దారిన మోసుకొస్తార్రా? వంతెన నువ్వే పేల్చేశావుగా" అంది. వాడు కాసేపు అగ్గిపెట్టె వంక చూశాడు. తరువాత చేత్తో ముగ్గంతా తుడిచేసి, ఏరు మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు.